ముడి వెయ్యని దారం

లాస్ ఏంజెలెస్ వచ్చేటప్పుడు ఓక్‌బున్ తన సామానంతా ఇరుగుపొరుగు వాళ్ళకి పంచిపెట్టేసింది. ఒక్క నారబట్ట తాను మాత్రం విమానంలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పైన పెడతాం ఇవ్వమ్మా అని ఎంత అడిగినా ఇవ్వలేదు. ఆ బట్ట ఆమె సొంత చేతుల్తో నేసింది. కొరియాలో బోసోంగ్ దగ్గర పల్లెలో కొత్తకోడలిగా ఉన్న రోజుల్లో, నారని పళ్ళతో చీల్చి, మోకాలి మీద పేని, మగ్గం మీద నేసింది. పేనీ పేనీ కుడి మోకాలి మీద చర్మం అరిగిపోయి ఇప్పటికీ నున్నటి గచ్చులా మెరుస్తుంది. పోయిన రోజున ఒంటికి తొడిగే ఆఖరి బట్టలు ఆ నారబట్టతోనే కుట్టించుకోవాలని ఆమె కోరిక. కొడుకు గిల్‌సు ఇంట్లో, కోడలు మల్‌సున్ బీరువాలో, కలరా ఉండల మధ్య ఆ తాను ఇన్నేళ్ళూ అలాగే పడి ఉంది.

"తొందరేముంది అత్తయ్యా. దాన్ని చెదలు తినేసినా మీరు మాత్రం గట్టిగానే ఉంటారు" అనేది మల్‌సున్.

"చెదలు ముందు నన్ను తింటాయో బట్టని తింటాయో చూద్దాంలే" అనేది ముసలావిడ.

ఆ ఏడు వేసవి నడుమ అధికమాసం వచ్చింది. ముసలమ్మలందరికీ ఆ నెలంటే ఎదురుచూపు. పన్నెండు నెలలకీ కాపలా దేవుళ్ళున్నారు గానీ పదమూడో నెలకి ఎవరూ లేరనీ, ఆ నెలలో మనిషి ఏం చేసినా పైవాళ్ళ కంట పడదనీ నమ్మకం. ఆఖరి బట్టలు కుట్టుకోవడానికి అదే అదను. ఆ నెలలో కుట్టించుకున్నవాళ్ళని చావు మరిచిపోతుందంటారు. అందుకని శనివారం శనివారం కొరియాటౌన్‌లోని హన్మాం సాంస్కృతిక కేంద్రంలో కుట్టుగది నిండిపోయేది.

మొదటి శనివారం గిల్‌సు వ్యాను బయటికి తీశాడు. వెనకంతా టైల్స్ కోసే మిషను, సిమెంటు బకెట్లు. ముందు సీట్లో తల్లి, ఒళ్ళో మూట. మల్‌సున్ ఇంకా పైనే ఉంది.

"ఒరే, ఒక మాట చెబుతా. బండి ఆపు."

"ఆపే ఉందమ్మా. సోరా అమ్మ దిగాలిగా" అన్నాడు, కూతురి పేరుతో భార్యని చెబుతూ.

"అది దిగేలోపే చెప్పాలి. ఈ బట్ట నాకు కాదు."

"మరెవరికి?"

ముసలావిడ నోటితో చెప్పలేదు. గడ్డం ఎత్తి మెట్ల వైపు చూపించింది. మల్‌సున్ రెండు చేతులా కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. రోడ్డు మీద తారు కరిగే ఎండలో ఊలు స్వెటరు వేసుకుని ఉంది.

గిల్‌సుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"నీకు మతి పోయిందా? బతికున్న మనిషికి చావుబట్టలు కుడతావా? పిలిచినట్టు కాదూ?"

"అరవకు, వింటుంది. వేరే నెలలో కుడితే పిలిచినట్టు. ఈ నెలలో కుడితే రక్ష కట్టినట్టు. మీ నాయనమ్మకి ఇలాగే మంచంలో ఉండగా కుట్టారు. ఆవిడ లేచి, నా పెళ్ళి చూసి, నన్ను పదేళ్ళు సాధించి మరీ పోయింది."

"డాక్టరు..."

"డాక్టర్లు చేతులెత్తేశారు కదరా. నా దగ్గరున్నది ఇదొక్కటే."

"మరి నీకు?"

"నాకేం. పాత దుప్పట్లో చుట్టినా దొర్లుకుంటూ పోతాను. దానికి మాత్రం చెప్పకు. నా కోసమే కుడుతున్నారనుకోనీ."

తలుపు తెరుచుకుంది. మల్‌సున్ ఆయాసపడుతూ ఎక్కి కూర్చుని ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏంటి, నేను దిగేలోపే తల్లీకొడుకులు నా ఆస్తి పంచేసుకుంటున్నారా? నా కుట్టు మిషను ఎవరికీ ఇవ్వనని ముందే చెబుతున్నా."

గిల్‌సు బండి పోనిచ్చాడు. 

మల్‌సున్ తన ఇంట్లో ఆఖరి ఆడపిల్ల. ఇక ఆడపిల్లలు చాలని తండ్రి ఆ పేరు పెట్టాడు. మల్‌సున్ అంటే చివరిది అనే. ఐదుగురు అక్కలు వేసుకుని విడిచిన బట్టలు ఆమెకి వచ్చేవి. అక్కలందరూ పొట్టివాళ్ళు. ఆమె ఒక్కతే పొడుగు, అందులోనూ చేతులు మరీ పొడుగు. ఏ చొక్కా తొడుక్కున్నా చేతి మణికట్టు పైనే బట్ట అయిపోయేది. బడిలో కోతి చేతులని ఏడిపించేవారు. చలికాలంలో మణికట్లు పగిలి నెత్తురొచ్చేవి. ఆ బడి కూడా ఎంతో కాలం సాగలేదు.

లాస్ ఏంజెలెస్ వచ్చి డౌన్‌టౌన్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను ముందు కూర్చుంది. ఆమె పని చొక్కాలకి చేతులు అతకడం. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి, పక్కకి తోసెయ్. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి. బయట ఎవరైనా చొక్కా వేసుకుని ఎదురుపడితే ముందు భుజం కుట్టే చూసేది, తరవాతే మొహం. ఆ ఫ్యాక్టరీలో మరుగుదొడ్లకి టైల్స్ వెయ్యడానికి గిల్‌సు వెళ్ళాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని వెళుతున్న ఆ పొడుగు పిల్ల గుమ్మం దగ్గర ఆగి, "ఆ మూల టైలు ఒంకరగా ఉంది" అంది.

"నాకు కనబడట్లేదే."

"నీకు కనబడితే అలా వేస్తావా?"

అతను తాడు పట్టి చూశాడు. నిజమే. సిమెంటు ఆరకముందే పీకి మళ్ళీ వేశాడు. మర్నాడు ఆ మూలకి ఆమెని తీసుకెళ్ళి చూపించాడు. అలా మొదలైంది. పెళ్ళయ్యాక కూడా అతను ఏదైనా పని బాగా చేశానని చెబితే, "మూల చూసుకున్నావా?" అనేది.

ఇంతమందికి చేతులు కుట్టింది గానీ తనకంటూ ఒక్క చొక్కా కుట్టుకోలేదు. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉండేది. బజార్లో కొన్న స్వెటర్లకి ఎప్పుడూ చేతులు పొట్టే. మోచేతుల దాకా పైకి లాగేసుకునేది, అదేదో తనకిష్టమైనట్టు. కూతురు సోరా పుట్టింది, చదివింది, ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుని శాన్ డియేగో వెళ్ళింది. ఇక కాస్త ఊపిరి పీల్చుకుందాం అనుకున్న ఏడే కడుపులో నొప్పి మొదలైంది. పుండు అనుకున్నారు. పుండు కాదు. కడుపు సగం కోసేశారు. మందులెక్కించారు. జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఈ వేసవికి డాక్టరు మందులు ఆపేసి, ఇంటి దగ్గర ఇష్టమైనవి తింటూ ఉండమన్నాడు. ఇష్టమైనవి ఏవీ కడుపులో నిలవడం లేదు.

ఆ సంగతి మల్‌సున్‌కి తెలుసు. ఆమెకి తెలియనిదల్లా ఆ బట్ట ఎవరికోసమన్నది.

కేంద్రం రెండో అంతస్తులో. పక్క హాల్లో పిల్లలు డోలు నేర్చుకుంటుంటే కుట్టుగది గోడలు అదిరేవి. కుట్టుగదికి పెద్ద ప్యో అక్క. కాలీఫ్లవరు పువ్వులా ఉంగరాల జుట్టు, మెడలో టేపు, గది దాటి వినబడే గొంతు.

"రండి రండి, అసలు పెళ్ళికూతురు వచ్చింది" అని ఓక్‌బున్‌ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తాను విప్పి వేళ్ళతో నలిపి చూసింది. "అబ్బ, పెద్దమ్మా! ఇలాంటి నార ఇప్పుడెక్కడుంది? చైనా బట్ట చూసీ చూసీ కళ్ళు పోయాయి."

"పాస్టరు గారికి తెలిస్తే?" అని ఒకావిడ గొణిగింది.

"పాస్టరు గారిది ఆదివారం. ఇది శనివారం పని. నువ్వు కత్తెర ఇటివ్వు."

అందరూ నవ్వారు. మల్‌సున్ కూడా నవ్వింది, నొప్పి పుట్టి కడుపు పట్టుకుంది.

కొలతలు తీసే వేళకి ఓక్‌బున్ టేపు అవతలకి నెట్టేసింది. "నా కొలత నాకు తెలుసు. ఆఖరి బట్టలు వదులుగా ఉండాలి. పొడుగ్గా కోయండి. పడుకున్నాక మనిషి సాగుతుంది" అంది. ప్యో అక్క ఆమె మొహం వంక చూసింది. నడుం వంగిపోయి, బల్ల కంటే కాస్తే ఎత్తున్న మనిషి. తరవాత కిటికీ దగ్గర కూర్చున్న మల్‌సున్ వంక ఒకసారి చూసి, ఎంత చెబితే అంత పొడుగూ కోసింది.

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న గిల్‌సు అది చూశాడు. వేళ్ళ పగుళ్ళలో ఇరుక్కున్న సిమెంటుని గోటితో గీకుతూ తల దించుకున్నాడు.

ఆ కుట్టుకి మిషను పనికిరాదు. చేత్తోనే కుట్టాలి. వెనక్కి తిప్పి కుట్టు వెయ్యకూడదు, పోయేవాళ్ళు వెనక్కి తిరుగుతారు. అన్నిటికంటే ముఖ్యం, దారానికి ముడి వెయ్యకూడదు. మొదట్లోనూ చివర్లోనూ దారాన్ని అలా పొడుగ్గా వదిలెయ్యాలి.

మల్‌సున్ కూడా ఒక సూది తీసుకుంది. "మిషను తొక్కిన కాళ్ళకి పనిలేక దురద పెడుతోంది. అత్తయ్య పావడా అంచు నేను చూస్తా" అంది. ఓక్‌బున్ వద్దనబోయి, ఏమని వద్దనాలో తెలియక ఊరుకుంది. ఆ రోజంతా మల్‌సున్ తన పావడాకి తనే అంచు కుట్టుకుంది. గిల్‌సు అక్కడ కూర్చోలేక కిందికి పోయి వ్యానులో పడుకున్నాడు.

రెండో శనివారం సోరా వచ్చింది. తల్లికి పైన్ గింజల జావ తెచ్చింది, నాయనమ్మకి చిలగడదుంపలు తెచ్చింది. తనూ కుడతానని కూర్చుంది. నాలుక బయటపెట్టి కష్టపడి సూదిలో దారం ఎక్కించి, చివర చక్కగా ముడి వేసింది.

"అయ్యో అయ్యో!" గదిలో ఉన్న ముసలమ్మలంతా ఒక్కసారి లేచారు.

"ఏమైంది? గుచ్చుకుందా?"

"ముడి! ముడి వేశావు కదే పిల్లా!"

"ముడి వెయ్యకపోతే ఊడిపోదా?"

"ఊడిపోవాలనే" అంది ఓక్‌బున్. సోరా చేతిలోంచి సూది తీసుకుని దారం తుంచేసింది. "ముడి పడితే పోయేవాళ్ళు కదల్లేరు. ఇక్కడే తచ్చాడుతూ ఉన్నవాళ్ళ కాళ్ళకి చుట్టుకుంటారు. ఇద్దరికీ సుఖం ఉండదు."

"నువ్వు నా కాళ్ళకి చుట్టుకుంటే నాకిష్టమే నాయనమ్మా."

"ఇప్పుడలాగే అంటావు. రేపు మొగుడొచ్చాక ఈ ముసలి దయ్యాన్ని ఎవరైనా తీసుకుపోండని ఏడుస్తావు."

మళ్ళీ నవ్వులు. మల్‌సున్ మాత్రం నవ్వలేదు. కూతురి వంక చాలాసేపు చూసింది. ఆ చూపు గిల్‌సు చూశాడు గానీ, అలసట అనుకున్నాడు.

మూడో శనివారానికి పై అంగీ ఒక రూపానికి వచ్చింది. ప్యో అక్క దాన్ని బల్ల మీద పరిచింది. లేత గోధుమ రంగు నార, కిటికీలోంచి పడిన వెలుగులో ఎండు పొలంలా ఉంది. గిల్‌సు కాగితం కప్పుల్లో అందరికీ బార్లీ నీళ్ళు పట్టుకొచ్చాడు. మల్‌సున్ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. అంగీ భుజం మీద అరచెయ్యి వేసి, కుట్టు వెంబడి కింది దాకా నిమురుకుంటూ వెళ్ళింది, ఫ్యాక్టరీలో చేసినట్టే. చేతి చివర దాకా వచ్చి ఆగింది. మళ్ళీ భుజం దగ్గర్నుంచి జానలు పెట్టి కొలిచింది. పక్క హాల్లో డోళ్ళు ఆగకుండా మోగుతున్నాయి.

"అత్తయ్యా" అంది.

"ఏంటమ్మాయ్."

"చేతులు ఇంకో రెండు వేళ్ళు పొడుగుండాలి."

"చాలవా? నాకు ఎక్కువే అవి."

"మీకు ఎక్కువే. నాకు చాలవు."

ఎవరి చేతిలో సూది వారి చేతిలో ఉండిపోయింది. ఓక్‌బున్ బల్ల పట్టుకుని లేచింది.  

"అది కాదమ్మాయ్... నేను... నువ్వు బాగుండాలనే... ఈ నెలలో కుడితే..."

"తెలుసు అత్తయ్యా. ఈ నెల సంగతి మా అమ్మా చెప్పేది." మల్‌సున్ కుర్చీలో కూర్చుని తన స్వెటరు చేతులు మోచేతుల నుంచి కిందికి లాక్కుంది. మణికట్టు పైనే ఆగిపోయాయి. "చూశారా. పుట్టినప్పట్నుంచీ ఇంతే. ఎంతమందికో చేతులు కుట్టాను. నా కోసం ఒకరు కుట్టడం ఇదే మొదలు. కుట్టేది ఎలాగూ కుడుతున్నారు, ఇదైనా మణికట్టు దాకా రానివ్వండి."

ఓక్‌బున్ కోడలి మోకాళ్ళ మీద తల ఆనించి ఏడ్చింది. ఆ ముసలి ఒంట్లో అంత ఏడుపు ఎక్కడుందో. మల్‌సున్ ఆవిడ వీపు నిమురుతూ, "బట్ట మిగిలిందా ప్యో అక్కా, అతుకు వెయ్యడానికి?" అని అడిగింది.

ప్యో అక్క ముక్కు చీదింది. "మిగలకపోతే నా కర్టెను చింపుతా" అంది.

ఆ సాయంత్రం పార్కింగులో, ముసలావిడ వ్యానెక్కాక, మల్‌సున్ మొగుడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"సోరా నాన్నా, నీకు ముందే తెలుసు కదూ?"

అతను తల ఊపాడు.

"నీ మొహంలో ఏదీ దాగదు. టైలు ఒంకరగా వేసినప్పుడూ అంతే." పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "ఒక మాట ఇవ్వు. ఏం జరిగినా మీ అమ్మని ఏమీ అనొద్దు. ఆవిడ తన బట్ట నాకిచ్చేసింది. అంతకంటే ఆవిడ దగ్గర ఏమీ లేదు."

"అననులే" అన్నాడు గిల్‌సు.

నాలుగు రోజులు తిరక్కుండానే మల్‌సున్ నెత్తురు కక్కుకుంది. అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో మంచం మీద ఆమె కాగితంలా పడి ఉంటే, వరండాలో గోడకానుకుని ఉన్న తల్లి దగ్గరికి గిల్‌సు వెళ్ళాడు. ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే అన్నాడు.

"నువ్వు కుట్టావు. అది మంచమెక్కింది. ఇప్పుడు సంతోషమా?"

ఓక్‌బున్ చేతిసంచీ గుండెకి అదుముకుని అక్కడే నేల మీద కూలబడింది. అతను లేవదీయలేదు. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తిన్నాడు. అడిగితే తల ఊపాడు.

అధికమాసంలో ఆఖరి శనివారం వచ్చింది. చేతులకి అతుకు వేసిన చోట, కుడి చేతి చివర అంచు మాత్రం మిగిలిపోయింది. నెల దాటితే చేసిందంతా వృథా అని ఓక్‌బున్ పొద్దుట్నుంచీ తిండి ముట్టలేదు. ఆమె కళ్ళు ఆనడం లేదు, చేతులు వణుకుతున్నాయి. ఆసుపత్రిలో మల్‌సున్ పక్కన గిల్‌సు ఉన్నాడు. సోరా ఒక్కతే కేంద్రానికి వెళ్ళి, ప్యో అక్క పక్కన కూర్చుని ఆ అంచు పూర్తి చేసి తెచ్చింది. బట్టలు మడిచి నాయనమ్మ ఒళ్ళో పెట్టింది. ముసలావిడ వాటికి చెంప ఆనించి, "అయిపోయింది కదా. ఇక అది లేస్తుంది" అంది.

మల్‌సున్ నిజంగానే లేచింది. ఇంటికి కూడా వచ్చింది. రెండు వారాలు కిటికీ దగ్గర కూర్చుని, జావ రెండు చెంచాలు తాగి, పక్కింటి వాడి చొక్కా భుజం కుట్టు బాగాలేదని వెక్కిరించింది. ఓక్‌బున్ ఇంట్లో గాల్లో తేలినట్టు తిరిగింది. గిల్‌సుకి కూడా ఒక మూల ఆశ పుట్టింది. ఒక రాత్రి భోజనాల దగ్గర తల్లి వైపు కూర గిన్నె జరిపాడు. మాట మాత్రం ఇంకా కలపలేదు.

చుసోక్ పంటల పండక్కి ముందు, కేంద్రంలో ముసలమ్మలు పండగ పిండివంటకి బియ్యప్పిండి కలుపుతున్న రోజున, మల్‌సున్ మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

కొరియాటౌన్‌లో చావు సంగతులు చూసే ఇంట్లో, వెనక గదిలో బట్టలు తొడిగారు. ఇంటివాళ్ళు ముగ్గురితో పాటు ప్యో అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. గోరువెచ్చటి నీళ్ళతో తుడిచారు. ముందు పావడా. ఆ అంచు మల్‌సున్ కుట్టుకున్నదే, టాకాలన్నీ మిషను కుట్టులా ఒకే తీరులో ఉన్నాయి. తరవాత అంగీ. ఎడమ చెయ్యి దూర్చారు. కుడి చెయ్యి దూర్చారు. నార అంచు మణికట్టు దాటి అరచేతి మొదలు దాకా వచ్చింది.

"వచ్చిందే అమ్మాయ్" అంది ఓక్‌బున్, చనిపోయిన కోడలితో. "మణికట్టు దాకా వచ్చింది చూడు."

ఆ అంచుని సర్దుతూ ఆమె వేళ్ళు ఆగిపోయాయి. మడత తిప్పి చూసింది. లోపల, కుట్టు అయిపోయిన చోట, చిన్న ముడి. ఒకటి మీద ఒకటి వేసి గట్టిగా బిగించిన ముడి.

 ప్యో అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గిల్‌సు కూతురి వంక చూశాడు.

"నేనే వేశాను" అంది సోరా. "మర్చిపోయి కాదు. ప్యో అక్క నీళ్ళకి వెళ్ళినప్పుడు వేశాను. అమ్మ వెళ్ళకూడదు. వెళ్ళినా ఇక్కడిక్కడే తిరగాలి. నా కాళ్ళకి చుట్టుకున్నా సరే."

ఇదీ తన మీదికే వస్తుందనుకుందో ఏమో, ఓక్‌బున్ కొడుకు మొహం వంక భయంగా చూసింది. ఆ భయం గిల్‌సు చూశాడు. తల్లి తనని చూసి భయపడడం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదు.

ముసలావిడ మనవరాలి వైపు తిరిగింది. "తియ్యాలమ్మా."

"వద్దు నాయనమ్మా."

"అది బతుకంతా ఒకరి కింద పనిచేసింది. ఒకరు విడిచింది కట్టుకుంది. ఇప్పుడైనా దాన్ని దాని దారిన పోనీ."

ఒంటికి తొడిగాక ఆ బట్టకి కత్తెర తగలకూడదు. ఓక్‌బున్ వంగి ముడిని నోటితో పట్టుకోబోయింది. ఒకప్పుడు ఆ నారనే చీల్చిన పళ్ళు ఇప్పుడు లేవు. కట్టుడు పళ్ళు జారాయి. "ఒరే, నువ్వు చూడు" అంది. గిల్‌సు ముందుకొచ్చాడు. భార్య చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా, తేలిగ్గా ఉంది. సిమెంటు తిని మొద్దుబారిన బొటనవేలి గోరుతో ముడిని కదపబోయాడు. అది వేలికి దొరకలేదు. మళ్ళీ చూశాడు, పగిలిన చర్మానికి దారం చిక్కుకుంటోంది.

"నా వల్ల కావట్లేదు" అన్నాడు. "తల్లీ, నువ్వే తియ్యి."

సోరా కదల్లేదు. అతను అలాగే ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి సోరా వచ్చి తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గోళ్ళతో ముడి వదులు చేసింది. ఎంత బిగించిందో విప్పేటప్పుడు తెలిసింది. కన్నీళ్ళకి కళ్ళు మసకబారితే భుజానికి తుడుచుకుంటూ తీసింది. ఎవరూ తొందర పెట్టలేదు. ముడి ఊడినా దారం అక్కడ ముడతలు పడే ఉంది. ఓక్‌బున్ ఆ కొసని వేలితో నిమిరి అంచు లోపలికి తోసింది.

"పోయిరా అమ్మాయ్. మూల చూసుకుని వెళ్ళు" అంది.

ఆ మాట గిల్‌సు తట్టుకోలేకపోయాడు. గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు.

ఖననం అయ్యాక ముగ్గురూ వ్యానులో ఇంటికి బయల్దేరారు. వెనక సీట్లో సోరా మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. పూలదండల కోసం సిమెంటు బకెట్లు తీసి బయట పెట్టిన రోజది. వెనకంతా ఖాళీగా గలగలమంటోంది.

"నాయనమ్మా, మళ్ళీ అధికమాసం ఎప్పుడు?"

"మూడేళ్ళకి."

"అప్పుడు నీకు నేను కుడతాను."

"మూడేళ్ళా?" ఓక్‌బున్ చిన్నగా నిట్టూర్చింది. "నా వల్ల కాదే తల్లీ. అయినా బట్టేది? నార చీల్చడానికి పళ్ళేవి?"

"కొంటాం."

"కొన్న బట్టా!" ఆ పరిస్థితిలోనూ ముసలావిడ మూతి ముడిచింది. కిటికీ వైపు తిరిగింది. కేంద్రం ముందు నుంచి వెళ్ళినప్పుడు పై అంతస్తులో డోళ్ళు వినిపించాయి, శనివారం కదా. "కుడితే మాత్రం చేతులు పొట్టిగా కుట్టు. నావి దానిలా కోతి చేతులు కావు" అంది.

సోరా నవ్వబోయింది. అది ఏడుపైపోయింది.

ఎర్ర దీపం దగ్గర గిల్‌సు బండి ఆపాడు. తల్లి వైపు చూశాడు. ఇన్ని వారాల తరవాత నోరు పెగిలింది.

"బెల్టు పెట్టుకోలేదేంటమ్మా."

"పెట్టుకున్నానురా" అంది ఆవిడ. పెట్టుకోలేదు.

అతను వంగి, ఆ చిన్న ఒంటి మీదుగా బెల్టు లాగి బిగించాడు. దీపం పచ్చబడింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. అతను చెయ్యి వెంటనే తియ్యలేదు.